దూలం మీద పుచ్చు రంధ్రాలు, గోడలో కుళ్లిన కొస: ఒక పాత ఇంటి చెక్క తనిఖీ

సుమారు 70 ఏళ్ల నాటి రెండంతస్తుల ఇల్లు. సున్నం, ఇటుకతో కట్టిన 450 మి.మీ. గోడలు. కింది గదికి అడ్డంగా నాలుగు దూలాలు, వాటి మీద 30 మి.మీ. చెక్క పలకలతో పై అంతస్తు నేల. ఒక్కో దూలం 150 మి.మీ. వెడల్పు, 250 మి.మీ. లోతు. గోడల మధ్య దూరం 3.6 మీటర్లు. దూలం రెండు కొసలూ గోడలో 225 మి.మీ. మేర దిగి ఉన్నాయి.

తనిఖీకి పిలిచిన కారణం పురుగు. రెండో దూలం నిండా సూదిమొన గుచ్చినట్టు సన్నటి రంధ్రాలు, దాని కింద నేల మీద రోజూ తెల్లటి పొడి. అంతకుముందు చూసి వెళ్లిన ఒక కాంట్రాక్టరు ఇంటిలోని చెక్కంతటికీ మందు కొట్టాలని, పడమటి గోడ దగ్గర వస్తున్న ముక్కవాసన "డ్రై రాట్" (ఇటుకల మీదుగా కూడా పాకే ఒక రకం చెక్క కుళ్లు) అని రాసిచ్చాడు. ఇంటివాళ్ల ప్రశ్న ఒక్కటే: మందు కొట్టిస్తే సరిపోతుందా?

సరిపోదు. కొట్టించాల్సిన అవసరమూ చాలావరకు లేదు. అసలు ప్రమాదం ఎవరూ వేలు పెట్టి చూపించని మూడో దూలంలో ఉంది.

బయటి నుంచి మొదలు

చెక్క తనిఖీ చెక్కతో మొదలుపెడితే సగం విషయం తప్పిపోతుంది. చెక్కను తినే శిలీంధ్రానికి గాలి, తిండి, వెచ్చదనం ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. లేనిదల్లా నీరు. చెక్కలో తేమ 20 శాతం లోపు నిలకడగా ఉంటే కుళ్లు మొదలవదు. 28–30 శాతానికి చేరి అక్కడే నిలిచిందంటే చురుగ్గా సాగుతుంది. అందుకే ముందు ఇంటి చుట్టూ తిరిగి నీటి దారులు చూడాలి: కప్పు, చూరు, వాననీటి కాలువలు, గొట్టాలు, గోడ పూత, పునాది చుట్టూ మట్టి ఎత్తు.

ఈ ఇంటికి పడమటి గోడలో వాననీటి గొట్టం ఉంది. బాగా కనబడాలని ఎప్పుడో దాన్ని ఇటుకలతో కప్పి పైన సిమెంటు పూత పూశారు. ఆ గోడ మొత్తానికీ తర్వాత సిమెంటు పూతే వేశారు, దాని మీద ప్లాస్టిక్ రంగు. లోపల సున్నపు గోడ, బయట గాలాడని పొర. సన్నటి పగులులోంచి లోపలికి పోయిన నీరు ఆ పొర వెనకే చిక్కుకుంటుంది, బయటికి ఆరే దారి ఉండదు. సిమెంటు పూత తేమను ఆపుతుందని చాలామంది నమ్మకం. పాత సున్నపు గోడల మీద అది చేసేది తేమను బంధించడమే.

పై కాలువలో రంగు కలిపిన నీళ్లు నెమ్మదిగా పోసి చూస్తే, అరగంట లోపే గొట్టాన్ని కప్పిన ఇటుకల మధ్య రంగు మరక తేలింది. పై అంతస్తు నేల మట్టానికి కాస్త పైన, సరిగ్గా మూడో దూలం కొస ఉండే చోట. గొట్టం అతుకు అక్కడ విడిపోయింది.

లోపల: నేల చెప్పిన మొదటి మాట

పై అంతస్తులో మీటరు పొడవు లెవెల్ పెట్టి గోడ పొడవునా చూసుకుంటూ వెళ్తే, మూడో దూలం దగ్గర పలకలు గోడవైపు 14 మి.మీ. వాలాయి. మిగతా మూడు దూలాల దగ్గర 2–3 మి.మీ. మించలేదు. దూలం మధ్యలో వంగితే నేల గది మధ్యలో దిగాలి. గోడ పక్కన దిగిందంటే కొస నలుగుతోందని అర్థం. ఈ ఒక్క కొలతతో తనిఖీ దిశ మారిపోయింది. కొస కింద ఊతం పెట్టేవరకు గోడను తెరవకూడదని కూడా అప్పుడే తేలింది. దూలం కొస చుట్టూ పూత, ఇటుక తీసి చూద్దామనే ఉత్సాహంలో, అప్పటిదాకా ఎలాగో ఆనుకుని ఉన్న దాన్ని జారవిడిచే ప్రమాదం ఉంది.

తర్వాత మీటరు. రెండు సూదుల తేమ మీటరుతో ప్రతి దూలాన్నీ మూడు చోట్ల కొలిచారు: మధ్యలో, పడమటి గోడకు 300 మి.మీ. దూరంలో, గోడను ఆనుకున్న చోట. తూర్పు కొసలన్నీ 13–14 శాతమే. పడమటివైపు ఇలా వచ్చింది:

1వ దూలం: 13, 13, 14
2వ దూలం: 13, 14, 19
3వ దూలం: 13, 16, 30 పైన
4వ దూలం: 13, 15, 24

ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టు నమ్మకూడదు. మీటరు కొలిచేది తేమను కాదు, విద్యుత్ నిరోధాన్ని. దాన్నిబట్టి తేమను లెక్కగట్టి చూపిస్తుంది. ఆ లెక్క ఏదో ఒక జాతి చెక్కకు, 20 డిగ్రీల వేడికి కుదిర్చింది. చెక్క అంతకంటే వెచ్చగా ఉంటే అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. లోగడ లవణాల మందు పట్టించిన చెక్క అయినా, గోడలోని ఉప్పు చెక్కలోకి దిగినా అంతే. 30 శాతం దాటాక ఏ మీటరూ నమ్మదగ్గది కాదు, "బాగా తడి" అన్నంతవరకే దాని సాక్ష్యం చెల్లుతుంది. అందుకే మూడో గడిలో అంకె రాయకుండా "30 పైన" అని ఆపేశారు.

ఇంకో మోసం ఉంది. పొట్టి సూదులు పైపొరనే చూస్తాయి. మూడో దూలం 300 మి.మీ. దగ్గర పైన 16 చూపించింది, చూడటానికి సురక్షితమే. అదే చోట మొన తప్ప మిగతాదంతా ఇన్సులేషన్ ఉన్న పొడవాటి సూదులను సుత్తితో 40 మి.మీ. లోతుకు దించితే 26. గది గాలికి పైపొర ఆరిపోతుంటే నీరు కొసలోంచి నారల వెంట లోపల్లోపలే పాకుతోంది. చెక్క కొసలోంచి నారల వెంట నీళ్లు లాగినంత వేగంగా పక్కల నుంచి లాగదు. గోడలో దిగిన కొసలే ముందు పోవడానికి కారణం ఇదే.

మీటరును సరిచూడటానికి అక్కడి నుంచే ఉలితో చిన్న ముక్క తీసి వెంటనే గాలి చొరని సంచిలో కట్టారు. బరువు 41.3 గ్రాములు. 103 డిగ్రీల ఓవెన్‌లో, బరువు ఇక తగ్గడం ఆగేవరకు ఆరబెడితే 32.5 గ్రాములు. పోయిన నీరు 8.8 గ్రాములు, దాన్ని ఆరిన బరువుతో భాగిస్తే 27 శాతం. తడి బరువుతో భాగించడం తరచుగా జరిగే పొరపాటు. అలా చేస్తే ఇదే ముక్క 21 శాతమని వస్తుంది, నివేదికలో తీర్పే మారిపోతుంది.

దబ్బనం, సుత్తి, బరమా

కుళ్లును పట్టుకోవడానికి మీటరు కంటే దబ్బనం గొప్పది. తడిగా ఉన్న చెక్కంతా కుళ్లింది కాదు, కుళ్లి ఆరిపోయిన చెక్క మీటరుకు మామూలుగానే కనబడుతుంది. మీటరు ఈ రోజు సంగతి చెబుతుంది, దబ్బనం ఇన్నేళ్ల సంగతి చెబుతుంది.

పద్ధతి ఇది. దబ్బనం మొనను నారకు అడ్డంగా, ఏటవాలుగా 5–6 మి.మీ. గుచ్చి పైకి తన్నాలి. గట్టి చెక్క అయితే పెళ్లుమని చప్పుడు చేస్తూ పొడవాటి పేడు లేస్తుంది, దాని ఒక చివర చెక్కనే పట్టుకుని ఉంటుంది. గోధుమ కుళ్లు (చెక్కను గోధుమ రంగు ముక్కలుగా మార్చే కుళ్లు) మొదలైన చెక్క చప్పుడు చేయదు. మొన ఉన్నచోటే అడ్డంగా తుంచినట్టు విరిగి, పొట్టి ముక్కలుగా రాలుతుంది. కంటికి రంగు మారకముందే ఈ తేడా చేతికి తెలుస్తుంది. దానికి కారణం ఉంది: గోధుమ కుళ్లు శిలీంధ్రం సెల్యులోజు గొలుసులను మొదట్లోనే తెంపేస్తుంది. బరువు పదో వంతు కూడా తగ్గకముందే చెక్క దెబ్బను ఓర్చుకునే శక్తి సగానికి పైగా పోతుంది. పగుళ్లు పడి గళ్లుగళ్లుగా విడిపోవడం ఆఖరి దశ. అది కనబడే దాకా ఆగడం తనిఖీ కాదు.

మూడో దూలం గోడ దగ్గర, రంగు పొర చెక్కుచెదరలేదు. దబ్బనం ఆ రంగులోంచి పిడి వరకు దిగింది. తన్నినప్పుడు పైకి వచ్చింది ముదురు గోధుమ రంగు ముక్కలు, వేళ్ల మధ్య నలిపితే పొడి. సుత్తితో తడుతూ గోడ నుంచి లోపలికి వెళ్తుంటే 300–400 మి.మీ. మధ్య మొద్దు శబ్దం ఖణేల్‌మనే శబ్దంగా మారింది.

ఎంతవరకు పోయిందో తేల్చడానికి 4 మి.మీ. బరమా. మొనకు లోతు గుర్తుగా టేపు చుట్టి, గోడ నుంచి 50 మి.మీ. దగ్గర మొదలుపెట్టి ప్రతి 100 మి.మీ.కు కిందినుంచీ పక్కలనుంచీ తొలిచారు. గట్టి చెక్కలో బరమా ఒకే బరువుతో నడిచి లేత రంగు తురుము తెస్తుంది. కుళ్లులోకి వెళ్లగానే చెయ్యి ఒక్కసారి ముందుకు పోతుంది, వచ్చేది పొడి. ఎక్కడ పట్టు దొరికిందో ఆ లోతు రాసుకోవాలి. రంధ్రాలను పక్కపక్కనే కాకుండా ఎగుడుదిగుడుగా వేయాలి, ఎలాగూ బలహీనపడిన చోట ఒకే వరసలో తొలిస్తే మనమే చీలిక పెట్టినట్టు. ఇదే పని చేసే యంత్రం ఉంది: 3 మి.మీ. మొన ఉన్న సన్నటి సూదిని చెక్కలోకి పంపి నిరోధాన్ని గీతగా గీస్తుంది. ఎన్నో దూలాలున్న కట్టడానికి అది మేలు. నాలుగు దూలాలకు బరమా చాలు.

గోడ ముఖం దగ్గర కింద 70 మి.మీ., పైన 20 మి.మీ., పక్కలు చెరో 25 మి.మీ. పోయాయి. మిగిలింది 100 × 160 మి.మీ. మొదట 37,500 చదరపు మి.మీ. ఉన్న అడ్డుకోత వైశాల్యం ఇప్పుడు 16,000, అంటే 43 శాతం. కొసల దగ్గర దూలం మోయాల్సింది ముఖ్యంగా దాన్ని అడ్డంగా తెంపజూసే కోత బలాన్ని (షియర్), కాబట్టి ఈ నిష్పత్తి నేరుగా పనికొస్తుంది. మధ్యలో అయితే వంచే బలం ముఖ్యం కనుక లోతు వర్గంతో లెక్క వేయాలి. గోడ లోపలి భాగం ఇంతకంటే అధ్వానంగా ఉంటుందనుకునే లెక్క కట్టాలి. 350 మి.మీ. దాటాక అన్ని రంధ్రాలూ గట్టి చెక్కే చూపించాయి.

నాలుగో దూలం తడిసింది, కుళ్లలేదు: పేళ్లు పొడవుగా లేచాయి. రెండోది అంచు మీద ఉంది.

డ్రై రాట్ కాదని ఎలా అన్నారు?

పేరు పెట్టడం వల్ల ఖర్చు మారుతుంది, అందుకే దీని మీద కొంత సమయం పెట్టాలి. డ్రై రాట్ అనేది సెర్పులా లాక్రిమాన్స్ అనే ఒక్క శిలీంధ్రానికి చెందిన మాట. అది లావాటి తాళ్ల లాంటి పోగులతో ఇటుకల మీదుగా పాకి దూరంగా ఉన్న చెక్కను పట్టుకోగలదు. అందుకే దాని వైద్యంలో చుట్టుపక్కల పూత కూడా ఊడదీస్తారు. 20–22 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, 26 దాటితే దాని పెరుగుదల ఆగిపోతుంది. ఎండాకాలం గోడలు కాగే చోట దాన్ని అనుమానించడానికే గట్టి ఆధారం కావాలి.

ఇక్కడ పోగులు సన్నగా, నలుపు కలిసిన గోధుమ రంగులో, చెక్క ఉపరితలం మీదే ఆగిపోయాయి. ఇటుక మీదికి పాకలేదు. తుప్పు రంగు బీజధూళి ఎక్కడా లేదు. తేమ ఎక్కడ తగ్గిందో కుళ్లు అక్కడే ఆగింది. ఇవన్నీ మామూలు తడి కుళ్లు లక్షణాలు. చెక్క గళ్లుగా పగిలిందా లేదా అన్నది మాత్రం సాక్ష్యం కాదు, రెండింటిలోనూ పగులుతుంది. తడి కుళ్లయితే వైద్యం సూటిగా ఉంటుంది: నీరు ఆపు, పోయినంత కోసెయ్, మిగతాది ఆరనివ్వు.

నీరు నేలనుంచి ఎగబాకుతోందా, పైనుంచి దిగుతోందా అని కూడా తేల్చారు. గోడలో 100 మి.మీ. లోతు నుంచి బరమాతో నెమ్మదిగా పొడి తీశారు (వేగంగా తిప్పితే వేడికి తేమ ఎగిరిపోతుంది), తూచి ఆరబెట్టారు. దూలం మట్టం దగ్గర 11 శాతం, మీటరు కింద 6, నేల దగ్గర 3. నేల చెమ్మ అయితే ఈ వరస తిరగబడి ఉండాలి. గోడ పైపూత మీద సూదుల మీటరు పెట్టి శాతం చదివి నివేదికలో రాసేవాళ్లున్నారు. ఆ అంకె చెక్కకు లెక్కగట్టింది, పూతకు దానికి అర్థం లేదు. ఎక్కువ తక్కువలు పోల్చుకోవడానికే పనికొస్తుంది.

ఇక పురుగు సంగతి

రెండో దూలం మీది రంధ్రాలు 1–2 మి.మీ. గుండ్రనివి. పొడి వేలికి మైదాపిండిలా మెత్తగా తగిలింది, గరుకు లేదు. ఇది లిక్టస్ జాతి పుచ్చు పురుగు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద పొడిలో ఆరు పలకల గుళికలు ఉంటే పొడిచెక్క చెదలు అనుకోవాలి, అవి లేవు. మట్టి గొట్టాలూ లేవు కాబట్టి నేల చెదలూ కాదు.

లిక్టస్ తినేది చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కలోని పిండిపదార్థాన్ని, అదీ చెక్కకు సహజంగా ఉండే సూక్ష్మరంధ్రాలు పెద్దగా ఉండే చెట్లలో. చేవను ముట్టుకోదు. టేకైనా తెల్లచెక్కను తీసేయకుండా కోస్తే తింటుంది. కోసిన చెక్కలో పిండి ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది కనుక 70 ఏళ్ల దూలంలో లిక్టస్ ఇంకా బతికి ఉండటం నమ్మలేని విషయం. రంధ్రాల అంచులు కూడా అదే చెప్పాయి: నల్లబడ్డాయి, కొన్నింటిలో పాత రంగు లోపలికి కారి గట్టిపడింది. రంగు వేయడానికి ముందే పురుగు బయటికి వెళ్లిపోయిందన్నమాట. తినేసిన మేర దూలం ఒక అంచున 15 మి.మీ. మందం. 150లో 15 పోతే వెడల్పు పదో వంతు తగ్గినట్టు, ఆ దూలం మోసే బరువుకు లెక్క చూస్తే అది సమస్య కాదు.

మరి రోజూ రాలుతున్న తెల్లటి పొడి? పాత సొరంగాల్లోని పొడి పైన ఎవరైనా నడిచినప్పుడు కదిలి రాలుతుంది, దాన్ని చూసి పురుగు బతికుందనుకోవడం మామూలే. కానీ ఈ పొడి మరీ తెల్లగా ఉంది. దూలాన్ని వాక్యూమ్‌తో శుభ్రం చేసి, రంధ్రాల మీద పల్చటి కాగితం అంటించి, కింద నల్ల కాగితం పరిచి వదిలేశారు. కాగితం ఎక్కడా చిల్లు పడలేదు, అయినా నల్ల కాగితం మీద పొడి పడింది. దారి పట్టుకుని పైకి చూస్తే దూలానికి ఆనించి మూడేళ్ల కిందట బిగించిన అటక పలకలు. వాటి వెనకవైపు రంగు వేయలేదు, సగం వెడల్పు తెల్లచెక్కే. రంధ్రాల అంచులు లేత రంగులో పదునుగా ఉన్నాయి. బతికున్న పురుగు అక్కడుంది. పాత రంధ్రాలకు కొత్త పొడి అంటగట్టడం వల్ల ఇల్లంతా మందు కొట్టాలన్న సలహా పుట్టింది.

పైన కొట్టే పురుగుమందు చెక్కలోకి కొద్ది మి.మీ. మాత్రమే ఇంకుతుంది. బయటికి వచ్చే పెద్ద పురుగును, గుడ్లను చంపుతుందేమో గానీ లోపల తొలుస్తున్న దాన్ని చేరదు. ఖాళీ అయిపోయిన దూలానికి అదీ దండగే. అటక పలకలను తీసేసి కాల్చేశారు, చేవ పలకలు అన్ని వైపులా వార్నిష్ పట్టించి వేశారు. చెక్కలోని సూక్ష్మరంధ్రాలు అలా మూసుకుంటే లిక్టస్ గుడ్డు పెట్టలేదు.

మరమ్మతు

మొదట గొట్టం. దాన్ని కప్పిన పాత ఇటుకలు తీసేసి గొట్టాన్ని గోడకు 30 మి.మీ. ఎడంగా బయటే బిగించారు. తర్వాత మూడు, నాలుగు దూలాల కింద సర్దుబాటు స్తంభాలు, వాటి కింద బరువు పరుచుకోవడానికి అడ్డ చెక్కలు. స్తంభాన్ని దూలం పైకి లేచేంత బిగించకూడదు, ఆనేంత చాలు. ఏళ్లుగా వాలిన నేలను ఒక్కసారిగా ఎత్తితే పై గోడ పూత పగులుతుంది.

కుళ్లు 350 మి.మీ. దగ్గర ఆగినా, లోపలి తేమ అంతకుమించి ఉంది కనుక ఇంకో 300 మి.మీ. కలిపి గోడ నుంచి 650 దగ్గర కోశారు. కొత్త ముక్క చేవ చెక్కదే, 13 శాతం తేమకు ఆరినది. పచ్చి చెక్క వేస్తే ఆరాక ముడుచుకుని బోల్టులు వదులవుతాయి. అతుకుకు రెండు పక్కలా 8 మి.మీ. మందం, 200 మి.మీ. ఎత్తు, 1,200 మి.మీ. పొడవున్న గాల్వనైజ్డ్ ఉక్కు పలకలు. అతుకుకు ఇటు ఆరు, అటు ఆరు 16 మి.మీ. బోల్టులు: కొస నుంచి 115 మి.మీ. దూరంలో మొదటి జత, తర్వాతవి 180 మి.మీ. ఎడంగా, పై కింది అంచులకు 80 మి.మీ. వదిలి. కొస నుంచి దూరం బోల్టు మందానికి ఏడు రెట్ల లోపు పెడితే చెక్క నార వెంట చీలుతుంది. ఈ లెక్క ఈ దూలం బరువుకు నిర్మాణ ఇంజనీరు చేసింది, ఇంకో ఇంటికి అప్పగించదగ్గది కాదు. గాల్వనైజ్ చేయని ఇనుము తేమ చెక్కలో వాడకూడదు: చెక్కలోని టానిన్‌తో కలిసి నల్లబారుతుంది, బోల్టు చుట్టూ చెక్క మెత్తబడుతుంది.

గోడలో కొత్త కొస 200 మి.మీ. ఆనుతుంది. దాని కింద బిటుమెన్ షీటు, పక్కలా పైనా చివరా 25 మి.మీ. గాలి ఖాళీ. తాపీవాళ్లు ఈ ఖాళీని చూసి ఊరుకోలేరు, సిమెంటుతో నింపేద్దామని చూస్తారు. దగ్గరుండి ఆపాల్సిన పని ఇదొక్కటే. నింపితే పాత కథ మళ్లీ మొదలు.

రెండు, నాలుగు దూలాల కొసల్లో 10 మి.మీ. రంధ్రాలు, 150 మి.మీ. ఎడంగా, కిందికి వాలుగా, ఆవలికి పోకుండా తొలిచి బోరాన్ కడ్డీలు వేసి బిరడాలు బిగించారు. చెక్క తడిగా ఉంటే కడ్డీ కరిగి మందు పాకుతుంది, ఆరిపోతే కదలకుండా ఉంటుంది. ఆరబోతున్న కొసలకు ఇంతకంటే తగిన మందు లేదు. వానకు తడిసే బయటి చెక్కకు మాత్రం పనికిరాదు, కడిగేసుకుపోతుంది.

సిమెంటు పూత ఆ భాగంలో కొట్టేసి సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ల పూత వేశారు. పైన సున్నమే. పడమటి గదిలో స్నానాలగది గుమ్మం కాళ్లు కూడా నేల కాంక్రీటులో పాతిపెట్టి ఉండి 24 శాతం చూపించాయి. 200 మి.మీ. మేర కోసి, రాతి దిమ్మ మీద నిలబెట్టారు.

తర్వాతి కొలతలు

గోడ ఆరడానికి మందం ప్రతి 25 మి.మీ.కు నెల చొప్పున అంచనా వేస్తారు, ఈ గోడకు సుమారు 18 నెలలు. ఆలోగా లోపలి పూత మీద రంగు వేయకూడదు. ఆరు నెలలకు మూడో దూలం కొత్త కొస 16 శాతం, రెండోది 16. నాలుగోది 24 నుంచి 21కి మాత్రమే దిగింది. ఆ వేగం గోడ ఆరే వేగంతో సరిపోతోంది కనుక తెరవలేదు, దబ్బనం పరీక్షలో పేళ్లు ఇంకా పొడవుగానే లేస్తున్నాయి. ఏడాది కొలతలో 18 కిందికి రాకపోతే, లేదా ఏదైనా వానాకాలంలో అంకె మళ్లీ పైకి కదిలితే, ఊతం పెట్టి ఆ కొస చుట్టూ ఇటుక తీసి చూడాలని నివేదికలో రాసి ఉంది. అందుకోసం నాలుగు దూలాల మీదా కొలిచే చోట్లు మేకు గుర్తులతో శాశ్వతంగా ఉంచారు. ప్రతిసారీ అక్కడే, అదే మీటరుతో, అదే లోతుకు కొలవాలి.